బండి మారినప్పుడు చేయి మారవలెను
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సంతలో కొత్త ఎడ్లజతను కొన్న రైతు మరునాడే వాటిని బరువుబండికి కట్టడు. ముందు ఖాళీ బండికి కట్టి ఊరి చివరిదాకా నడిపించి చూచును. ఏ ఎద్దు దాపటికి ఒదుగును, ఏది వలపటికి ఒదుగును, ఏది అదిలింపుకు బెదరును, ఏది మాటకే కదలును అని రెండు మూడు రోజులు కనిపెట్టును. పాత జతను తోలిన తీరే కొత్త జతకు సరిపోదని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే రైతు ఇంటికి ట్రాక్టరు వచ్చిననాడు మాత్రము ఈ వివేకము మరుగున పడుచున్నది. పది సంవత్సరములుగా మోటారు సైకిలు నడుపుచున్న కుమారుడు, "ఇది నడుపుటకు నేర్పేదేమున్నది?" అని ఎక్కి కూర్చుండును. అమ్మిన దుకాణము మనిషి పావుగంట సేపు చూపినదే శిక్షణ. వారము తిరుగకముందే ట్రెయిలరు తగిలించి, బస్తాలు నింపి, కాలువ కట్ట మీదికి పోవును.

నేడు నేను మీకు మనవి చేయదలచినది ఒక్కటే. ఒక బండి మీద అలవడిన చేయి ఆ బండికే చెందినది. బండి మారినప్పుడు చేయి కూడ మారవలెను. ఇంకొక మాట కూడ చెప్పుదును. ట్రాక్టరు విషయములో మోటారు సైకిలు నేర్పిన అలవాటు కంటె, మీ తండ్రులు ఎడ్లబండి తోలి నేర్చిన తెలివి ఎక్కువ అక్కరకు వచ్చును. అది ఎట్లో చూతము.

లాగుటకు చేసిన యంత్రము

మోటారు సైకిలు, కారు మనుషులను వేగముగా చేరవేయుటకు చేసినవి. ట్రాక్టరు లాగుటకు చేసినది. మిగిలిన భేదములన్నియు ఈ ఒక్క భేదము నుండి పుట్టినవే.

సాధారణమైన మోటారు సైకిలు బరువు వంద కిలోలకు కొంచెము పైన. మన పొలములలో తిరుగు ట్రాక్టరు బరువు రెండు టన్నులకు అటు ఇటుగా ఉండును. వెనుక రెండు చక్రములతోనే లాగు ట్రాక్టరులో ఈ బరువులో దాదాపు మూడింట రెండు పాళ్ళు వెనుక చక్రముల మీదనే పడును. నేలను పట్టి లాగవలసినవి అవే గదా! ముందు చక్రములు దారి చూపుటకే. కనుక ట్రాక్టరు ముందు భాగము స్వభావము చేతనే తేలిక. వెనుక రోటవేటరో నాగలో ఎత్తి పట్టినచో అది ఇంకను తేలికగును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను చక్రము నేలను గట్టిగా పట్టదు. అందుకే బరువైన పనిముట్టు తగిలించినప్పుడు ముందు భాగమున ఇనుప బరువులు వేయవలెనని తయారీదారులు చెప్పుదురు. వాటిని కొట్టములో పడవేసి ఉంచకండి.

కారుకు ఉన్నట్లు ట్రాక్టరు వెనుక ఇరుసుకు స్ప్రింగులు లేవు. గతుకు తగిలినచో యంత్రమంతయు ఒక్కసారిగా ఎగురును. రోడ్డు మీద ట్రాక్టరు వేగము సాధారణముగా గంటకు 30 కిలోమీటర్ల ప్రాంతమున ఉండును. మోటారు సైకిలు మీద 60 కిలోమీటర్లకు అలవాటుపడిన యువకునికి ఇది నడకవలె తోచును. కాని గంటకు 30 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 8 మీటర్లకు పైన. మీరు ఒక్కసారి పక్కకు చూచి మరల ముందుకు చూచులోపల రెండు టన్నుల ఇనుము ఒక ఇంటి నిడివి దాటి పోయియుండును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన తరువాత పోవు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఈ లెక్క అన్ని బండ్లకు ఒక్కటే. బరువుబండికి దాని ఫలితము మాత్రము వేరు.

చేయి తీసినా తగ్గదు

మోటారు సైకిలులో చేతిపిడి వదలినచో వేగము తానే తగ్గును. కారులో కాలు తీసినచో తగ్గును. ట్రాక్టరులోని చేతి యాక్సిలరేటరు మీట ఎక్కడ పెట్టినచో అక్కడే నిలుచును. దున్నునప్పుడు ఇంజను ఒకే తీరున సాగుటకు అట్లు చేసినారు. భయపడినప్పుడు మనిషి ఆలోచించడు. అలవాటైన పనినే చేయును. మోటారు సైకిలు వాడు పిడి వదలును. ట్రాక్టరు మీద అన్నియు వదలి కూర్చున్నను బండి ముందుకే పోవును.

కనుక రోడ్డెక్కునప్పుడు చేతి మీటను పూర్తిగా తగ్గించి, కాలి యాక్సిలరేటరుతోనే నడపవలెను. పొలములో చేతి మీటతో పని చేయునప్పుడు, ఆపవలసి వచ్చినచో క్లచ్చి, బ్రేకు కలిపి తొక్కుటను కాలికి అలవాటు చేయవలెను. ఖాళీ పొలములో పదిసార్లు చేసి చూడండి. పదకొండవసారి కాలు తానే పోవును.

గేర్ల సంగతి కూడ వేరు. కారులో మొదటి గేరులో కదలి, పోతూ పోతూ రెండు, మూడు గేర్లకు మార్చుదుము. చాల ట్రాక్టర్లలో బండి నిలిచియుండగానే, చేయబోవు పనికి తగిన గేరును ఎంచుకొని, ఆ గేరులోనే కదలవలెను. బరువు లాగుచుండగా మధ్యలో గేరు మార్చబోయినచో పండ్లు ఒరుసుకొనును. ఏటవాలులో నైతే న్యూట్రల్‌లో చిక్కుకొని బండి మన చేయి దాటిపోవును.

దాపటి బ్రేకు, వలపటి బ్రేకు

కారు నేర్చినవానికి ట్రాక్టరులో ముందుగా వింతగా తోచునది రెండు బ్రేకు పెడళ్ళు. ఎడ్లబండి తోలినవానికి ఇందులో వింత లేదు. దాపటి ఎద్దును నిలిపి వలపటి ఎద్దును అదిలించినచో బండి ఎడమకు తిరుగును. ఎడమ బ్రేకు తొక్కినచో ఎడమ వెనుక చక్రము నిలుచును, కుడి చక్రము చుట్టి వచ్చును, ట్రాక్టరు ఎడమకు తిరుగును. చాలు చివర కొద్ది చోటులో మళ్ళుటకు ఈ ఏర్పాటు.

కాని పొలములో మేలు చేసినదే రోడ్డు మీద ప్రాణము తీయును. వేగముగా పోవునప్పుడు ఒక్క పెడలు మాత్రమే తొక్కినచో ట్రాక్టరు ఆ పక్కకే విసరుకొని పోయి బోల్తా పడును. రెండు పెడళ్ళను కలుపు గొళ్ళెము ఒకటి ఉండును. పొలము గట్టు దాటి రోడ్డు ఎక్కకముందే ఆ గొళ్ళెము వేయుట నియమముగా పెట్టుకొనండి. దమ్ము చేసి వచ్చుచున్నప్పుడు ఒకటి రెండుసార్లు మెల్లగా బ్రేకు వేసి, రెండు చక్రములు సమముగా పట్టుచున్నవో లేవో చూడండి. పాత రకము పొడి బ్రేకులకు తడి తగిలినచో పట్టు తప్పును. కేజి వీల్సును రోడ్డెక్కకముందే తీసివేయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మరొకటి డిఫరెన్షియలు లాకు. ఒక ఎద్దు బురదలో జారుచుండగా రెండవది ఊరక నిలుచున్నట్లు, ఒక చక్రము గిరగిర తిరుగుచుండగా రెండవది కదలదు. లాకు వేసినచో రెండును కలిసి నడుచును. అయితే లాకు ఉన్నంత సేపు బండి నేరుగా పోవుటకే చూచును. మళ్ళించుటకు ముందే తప్పక వదలవలెను.

వెనుకబరువు

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది చెప్పుదును. ఇది నా అనుభవమే.

నేను మొదట నేర్చినది జీపు. ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక రేగడి పొలములో ట్రాక్టరు వెనుక చక్రములు దిగబడినవి. డ్రైవరును దింపి నేనెక్కితిని. జీపు దిగబడినప్పుడు ఏమి చేయుదునో అదే చేసితిని. యాక్సిలరేటరు నిండుగా తొక్కి, క్లచ్చి ఒక్కసారిగా వదలితిని. చక్రము తిరుగలేదు. దానికి బదులు ట్రాక్టరు ముందు భాగము నా కన్నులకు ఆకాశము అడ్డమగునంతగా లేచినది. గట్టు మీది డ్రైవరు, "క్లచ్చి తొక్కండి సార్!" అని కేక వేసినాడు. కాలు ఎట్లు పోయినదో తెలియదు, తొక్కితిని. ముందు చక్రములు దభాలున నేల మీద పడినవి. పక్కన నిలుచున్న ముసలి రైతు ఒకరు ఏనాడును ట్రాక్టరు ఎక్కినవారు కారు. ఆయన మెల్లగా, "బండి వెనుకబరువైనది బాబూ, కాడి లేచింది" అన్నారు.

ఇంజనీరింగు పుస్తకములు చెప్పు విషయమును ఆయన ఒక్క మాటలో చెప్పినారు. బండిలో బరువు వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు బిగియును గదా! ఇక్కడ సంగతి ఏమనగా, ఇంజను బలము ఇరుసును త్రిప్పును. చక్రము తిరుగ వీలున్నచో బండి ముందుకు పోవును. చక్రము బురదలో బిగిసియున్నచో ఆ బలము ఊరకుండదు. ఇరుసు చుట్టు ట్రాక్టరునే పైకి త్రిప్పును. అట్లు లేచిన ట్రాక్టరు వెనుకకు పూర్తిగా తిరగబడుటకు ఒకటిన్నర సెకను చాలును. అందులో సగము కాలము గడచిన తరువాత క్లచ్చి తొక్కినను ఫలితముండదు. మనిషి జరుగుచున్నదేమో గ్రహించునప్పటికే అంత కాలము గడచిపోవును. నన్ను ఆనాడు కాపాడినది నా నేర్పు కాదు, డ్రైవరు కేక.

కావున దిగబడిన ట్రాక్టరును ముందుకు ఉరికింపరాదు. చక్రముల ముందు మట్టి త్రవ్వి, పనిముట్టు విప్పి, తక్కువ గేరులో మెల్లగా వెనుకకు తీయుటకు చూడవలెను. కొందరు వెనుక చక్రములకు అడ్డముగా దుంగ కట్టి ముందుకు నడుపుదురు. ఇది ప్రాణాంతకమైన పద్ధతి. దుంగ నేలకు తట్టి చక్రము నిలిచినచో మిగిలినది ట్రాక్టరు లేచుటే. రానిచో మరొక ట్రాక్టరుతో లాగించండి. అట్లే, లాగు బరువునకు గొలుసును ఎల్లప్పుడు క్రింది లాగుడు కడ్డీకే తగిలించవలెను. ఇరుసు కంటె ఎత్తులో తగిలించినచో బరువే ట్రాక్టరును వెనుకకు పడదోయును. పొలము గట్టు ఎక్కునప్పుడు గట్టుకు ఎదురుగా నేరుగా, తక్కువ గేరులో, క్లచ్చి మెల్లగా వదలుచు ఎక్కండి. గట్టు నిటారుగా ఉండి, వెనుక పనిముట్టు బరువుగా ఉన్నచో వెనుక చక్రములతో రివర్సులో ఎక్కుట మేలు.

బరువు తోసుకొని వచ్చునప్పుడు

మోటారు సైకిలు వెనుక ఏమియు ఉండదు. ట్రాక్టరు వెనుక నాలుగైదు టన్నుల చెరకో ధాన్యమో ఉండును. అనగా లాగు యంత్రము కంటె లాగబడునది రెండింతలు బరువు. మన ప్రాంతమున చాల ట్రెయిలర్లకు వేరుగా బ్రేకులు లేవు. ముందున్న ట్రాక్టరు బ్రేకులే మొత్తమును ఆపవలెను.

బరువుబండి పల్లమునకు దిగునప్పుడు బరువంతయు ఎద్దుల మెడ మీదికి తోసుకొని వచ్చుట మీరు ఎరుగుదురు. తెలిసిన బండివాడు వాలు పైననే బండి ఆపి, ఎద్దులను నిబ్బరపరచి, అడుగడుగుగా దించును. ట్రాక్టరును కూడ అట్లే దించవలెను. వాలు ప్రారంభము కాకముందే ఆపి తక్కువ గేరు వేయండి. ఏ గేరులో ఆ వాలు ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. దిగునంత వరకు ఇంజనే బరువును పట్టి ఉంచును. కొందరు డీజిలు కలిసివచ్చునని వాలులో న్యూట్రల్ చేయుదురు. అనగా తోసుకొని వచ్చు బరువునకు, మనకు మధ్యనున్న ఒకే ఒక్క అడ్డును తీసివేయుట. మిగులు డీజిలు చెంచాడు, పోవునది ప్రాణము. వాలులో క్లచ్చి తొక్కి ఉంచినను అదే ఫలితము.

దిగునప్పుడు గట్టిగా బ్రేకు వేసినచో ట్రాక్టరు ఆగును గాని ట్రెయిలరు ఆగదు. అది ట్రాక్టరు వెనుక భాగమును పక్కకు తోసి, రెండును కత్తెరవలె ముడుచుకొనును. కనుక వేగమును ముందుగానే తగ్గించుట ఒక్కటే మార్గము. మలుపు కనబడిన తరువాత కాదు, మలుపు రాకముందు. వేగము రెట్టింపైనచో మలుపులో బండిని బయటకు తోయు బలము నాలుగు రెట్లగును. నేటి పవరు స్టీరింగు ఒక్క వ్రేలితో తిరుగును. చేతికి శ్రమ తగ్గినది గాని బోల్తా పడు ప్రమాదము తగ్గలేదని మరువరాదు.

కాలువ కట్ట మీద

ఎద్దుకు ప్రాణభయమున్నది. చీకటిలోనైనను గోయి అంచుకు వచ్చినచో అది ఆగి బుసకొట్టును. ట్రాక్టరుకు ఆ భయము లేదు. ఆ భయము నడుపువానికే ఉండవలెను.

కాలువ అంచున మట్టి పైకి గట్టిగా కనబడినను లోపల తడిసి మెత్తగా ఉండును. కాలువ ఎంత లోతో కనీసము అంత దూరము అంచును విడిచి నడపవలెను. అంత చోటు లేని కట్ట మీదికి బరువుతో పోరాదు. చుట్టుదారి అయినను వేరు దారి చూడండి.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలి పనికి పోవుచున్న స్త్రీలతో ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు మరణించినారు. అదే సంవత్సరము జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మూసీ కాలువలో ట్రాక్టరు పడి పదిహేను మంది పోయినారు. వారు పొలము పనికి బయలుదేరిన వారే. ట్రెయిలరు ధాన్యమునకు, ఎరువునకు చేసినది; మనుషులకు కాదు. మడ్‌గార్డు మీద పిల్లవానిని కూర్చుండబెట్టుకొని పోవుట మన గ్రామములలో ముద్దుగా చూచు దృశ్యము. అక్కడ నుండి జారిన పిల్లవాడు పడునది నేరుగా వెనుక చక్రము ముందు. సీటు ఒక్కటే ఉన్నది. ఎక్కవలసిన మనిషి కూడ ఒక్కడే.

ట్రాక్టరు తిరగబడినను నడుపువానిని కాపాడు గట్టి ఇనుప చట్రము ఒకటి ఉన్నది. స్వీడన్ దేశము 1959లో కొత్త ట్రాక్టర్లకు దానిని తప్పనిసరి చేసినది. తరువాత అక్కడ బోల్తా పడి చనిపోవువారి సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. కొత్త ట్రాక్టరు కొనునప్పుడు ఆ చట్రమున్నదా అని అడగండి. ఉన్నచో సీటు బెల్టు తప్పక పెట్టుకొనవలెను. ఎండకు వేసిన టాపు ఆ చట్రము కాదు. అది నీడనిచ్చును గాని ప్రాణమును కాపాడదు.

ట్రాక్టరు మారినను అంతే

ఇరువది ఏండ్లుగా ట్రాక్టరు నడుపుచున్నవారు, ఈ మాటలు కొత్తవారికే అనుకొనరాదు. 35 హార్సుపవరు నుండి 50 హార్సుపవరుకు మారిన రైతు, పొరుగువాని ట్రాక్టరు బదులు తెచ్చుకొన్న రైతు, ఇద్దరును కొత్తవారే. ఒక ట్రాక్టరులో ముందుకు పోవు గేరున్న చోట మరొక దానిలో రివర్సు ఉండవచ్చును. ఒకదాని క్లచ్చి క్రిందికి వచ్చి పట్టును, మరొకటి పైననే పట్టును. పాత ట్రాక్టరు కూత మారగానే బరువెక్కినదని చెవికి తెలిసెడిది. పెద్ద ట్రాక్టరు ఆ సూచన ఇయ్యకుండగనే లాగివేయును.

నాలుగు చక్రములతోను లాగు ట్రాక్టరు బురదలో, ఏటవాలులో ఎక్కువ పట్టునిచ్చును. పొడి తారురోడ్డు మీద ముందు చక్రముల లాగుడు తీసివేయవలెను. లేనిచో టైర్లు, గేర్లు అరుగును. ఇంకొక జాగ్రత్త. పాత ట్రాక్టరు పోలేక ఆగిన చోటికి కూడ ఇది పోవును. పోగలిగిన చోటెల్లను పోదగిన చోటు కాదు.

దిగు అలవాటు కూడ మారవలెను. మోటారు సైకిలు ఇంజను తిరుగుచుండగానే దిగి మాట్లాడుదుము. ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగును. పంచె అంచు, కొంగు, తువ్వాలు చిక్కినచో చేయి లాగుకొను వ్యవధి ఉండదు. షాఫ్టు నిలిపి, ఇంజను ఆపి, పనిముట్టు నేలకు దించిన తరువాతనే దిగవలెను.

మొదటి గంట

కొత్త ట్రాక్టరు గాని, ఇతరుల ట్రాక్టరు గాని చేతికి వచ్చినప్పుడు పనికి పోకముందు ఒక గంట ఈ విధముగా గడపండి.

1. ఇంజను ఆపియుండగా సీటులో కూర్చుండి గేర్లు, క్లచ్చి, బ్రేకు, గొళ్ళెము, మీటలు చూడకుండ చేతికి కాలికి అందువరకు తాకి చూడండి.

2. ఖాళీ పొలములో పనిముట్టు లేకుండ తక్కువ గేరులో కదలుట, ఆగుట పదిసార్లు చేయండి.

3. ఒక్కొక్క బ్రేకు విడిగా, తరువాత రెండును కలిపి వేసి, బండి ఎటు పోవునో గమనించండి.

4. ఖాళీ ట్రెయిలరుతో రివర్సు చేయండి. ట్రెయిలరు ఎడమకు పోవలెనన్న మొదట స్టీరింగు కుడికి త్రిప్పవలెను. ఇది చేతికి పట్టుటకు సమయము తీసికొనును.

5. సగము బరువుతో చదునైన దారిలో ఒకసారి పోయి రండి. తరువాతనే నిండు బరువు, తరువాతనే వాలు.

విధిగా నేర్వగోరు యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రములో విచారించినను దారి చూపుదురు.

సోదరులారా, ఎద్దును కొన్ననాడు దాని స్వభావము తెలిసికొనుటకు మూడు రోజులు ఓపిక పట్టిన మనము, లక్షలు పోసి తెచ్చిన యంత్రమునకు ఒక గంట ఇయ్యలేమా? ఈ సాయంకాలము ఇంటికి పోయి మీ కుమారుని పిలిచి ట్రాక్టరు పక్కన నిలుపండి. వెనుకబరువు అననేమో, బరువు మెడ మీదికి వచ్చుట అననేమో మీ నోటితో చెప్పండి. ఆ మాటలు మా పుస్తకముల నుండి కంటె మీ నోటి నుండి వచ్చినప్పుడే అతనికి బాగుగా నాటును.

సెలవు.